జంట గీత

సారీ చెప్పిన పరాయి పిల్లకి కూతురు థాంక్యూ చెప్పింది. చనిపోయిన తల్లిని ఆ ఒక్క మాటతో క్లాసందరి ముందూ తక్కువ చేసింది. రాజారావు లెక్కలో ఇది వాదించుకునే విషయం కాదు. జరిగిన విషయం.

ఆయనకి ఆ కూతురు ఒక్కతే. పేరు దేదీప్య. పుట్టిందీ పెరిగిందీ అమెరికాలోనే, టెక్సాస్ రాష్ట్రంలోని ప్లేనోలో. సైకాలజీ డిగ్రీ చేసి, ఒక కంపెనీ హెచ్.ఆర్.లో కొన్నాళ్లు పనిచేసి, తల్లి పోయాక ఆ ఉద్యోగం మానేసి మళ్లీ యూనివర్సిటీలో చేరింది. మ్యారేజ్ అండ్ ఫ్యామిలీ థెరపీలో మాస్టర్స్. పడని మొగుడూ పెళ్లాలనీ, మాటల్లేని తండ్రీ కొడుకులనీ ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించే పని. ఆ పనికి రాష్ట్రం లైసెన్సు ఇవ్వాలి.

"మొగుడూ పెళ్లాం పోట్లాడుకుంటే సర్దిచెప్పడానికి లైసెన్సేంటే?" అన్నాడు రాజారావు మొదట్లో. "మా ఊళ్లో ఆ పని మీ అమ్మమ్మ చేసేది. నాలుగో క్లాసు చదివింది."

"అమ్మమ్మ సర్దిచెప్పదు నాన్నా. తిడుతుంది."

"తిడితేనే సర్దుకునేవాళ్లు."

దేదీప్య పడీపడీ నవ్వింది. అప్పటికింకా ఇంట్లో నవ్వులుండేవి.

ఆయన చదువు జిల్లా పరిషత్ హైస్కూలుతో ఆగిపోయింది. అయినా లైసెన్సు అనే మాటంటే ఆయనకి గౌరవమే. భార్య దమయంతి నర్సు. డాలస్ ఆసుపత్రిలో పనిచేయడానికి ఆవిడ పరీక్షకి చదువుతున్న రోజుల్లో ఇంట్లో వంట ఆయనే చేశాడు. ఆవిడ నర్సింగులో చేరిందే పెళ్లయ్యాక. చేర్పించింది ఆయన. ఆవిడ ఉద్యోగం మీదే ఇద్దరూ ఈ దేశానికొచ్చారు. అందుకని కూతురు తన లైసెన్సుకి ఏమేం కావాలో చెప్తుంటే శ్రద్ధగానే విన్నాడు.

ముందు మాస్టర్స్ డిగ్రీ. ఏదో ఒక డిగ్రీ అయితే చాలదు, బోర్డు అడిగిన సబ్జెక్టులన్నీ అందులో ఉండాలి. ఆ డిగ్రీలోనే ప్రాక్టికం అని ఒకటి ఉంటుంది. అంటే నిజమైన మనుషులతో నిజంగా కూర్చుని పని నేర్చుకోవడం. ఆ పైన దేశమంతటికీ కలిపి ఒక పరీక్ష, టెక్సాస్ చట్టం మీద ఇంకో పరీక్ష. అవి పాసైతే అసోసియేట్ అంటారు. సగం లైసెన్సు. ఆ సగం పట్టుకుని, ఒక సూపర్‌వైజర్ కనిపెట్టి చూస్తుండగా వేల గంటలు పనిచేయాలి. అందులో కొన్ని వందల గంటలు జంటలతోనో కుటుంబాలతోనో గడిపినవే అయ్యుండాలి. అప్పటికిగాని పూర్తి లైసెన్సు చేతికి రాదు.

"మీ అమ్మది ఇంతకన్నా తొందరగా అయింది," అన్నాడు రాజారావు.

"అమ్మది బాడీ నాన్నా. నాది ఫ్యామిలీ. టైమ్ పడుతుంది."

మొదటి సెమిస్టర్‌లోనే వాళ్ల ప్రొఫెసర్ డాక్టర్ హోల్డెన్ ఒక పని పెట్టింది. ప్రతివాళ్లూ తమ కుటుంబాన్ని మూడు తరాల దాకా బొమ్మగా గీసి, క్లాసులో నిలబడి వివరించి, దాని మీద పేపరు రాయాలి. తన ఇంటిని తాను చూసుకోనివాళ్లని ఇంకొకరి ఇంటి సంగతుల్లోకి పంపనని ఆవిడ పట్టుదల. ఆ కోర్సు పూర్తికాకపోతే ప్రాక్టికం లేదు.

ఆదివారం పొద్దున రాజారావు వంటింటి బల్ల దగ్గర గోరుచిక్కుళ్లు ఒలుస్తున్నాడు. దేదీప్య పెద్ద తెల్లకాగితం తెచ్చి ఎదురుగా పరిచింది.

"జెనోగ్రామ్ నాన్నా. ఫ్యామిలీ మ్యాప్ అన్నమాట. మగవాళ్లకి స్క్వేర్, ఆడవాళ్లకి సర్కిల్. పెళ్లయితే మధ్యలో లైన్."

తల్లి వైపు అప్పటికే గీసేసింది. పైన అమ్మమ్మ సున్నా, కింద దమయంతి సున్నా. దమయంతి సున్నాకి అడ్డంగా ఇంటూ గుర్తు కొట్టి ఉంది, తప్పు లెక్క మీద మాస్టారు కొట్టినట్టు.

"ఆ కొట్టివేతేంటి?"

"పోయినవాళ్లకి అలాగే వెయ్యాలి. రూల్. ఇప్పుడు నీ సైడ్ చెప్పు. సిబ్లింగ్స్?"

ఆయన మనుషుల గురించి ఆయన్ని అడిగినవాళ్లు లేక చాలా కాలమైంది. చిక్కుళ్లు పక్కన పెట్టి చెయ్యి తుడుచుకున్నాడు.

"ఒక్కతే అక్క."

"నేమ్?"

"లక్ష్మీకాంతం."

"నాన్నా, అది అమ్మమ్మ పేరు. నేను అడిగేది నీ అక్క పేరు."

"అదే చెప్తున్నా. లక్ష్మీకాంతం."

"ఇద్దరికీ ఒకటే నేమా?"

"ఇద్దరెక్కడున్నారే? ఒక్క మనిషే."

దేదీప్య పెన్సిలు ఆగింది.

"నువ్వు అమ్మమ్మని అక్కా అంటావు. అది రెస్పెక్ట్‌కి కదా? స్టోర్‌లో క్యాష్ కౌంటర్ ఆవిడని కూడా అక్కా అనే అంటావు."

"ఆవిడ ఊరికే అక్క. మీ అమ్మమ్మ సొంత అక్క. నన్ను ఎత్తుకుని పెంచింది."

"మరి అమ్మ నిన్ను మావయ్యా అనేది..."

"మేనమామని మావయ్యా అనక మరేమంటుంది?"

"పెట్ నేమ్ అనుకున్నా నాన్నా. హనీ అన్నట్టు."

రాజారావుకి నవ్వు ఆగలేదు. ప్లేనోలో కనిపించిన ప్రతి తెలుగువాడూ ఆ పిల్లకి అంకులే, ప్రతి ఆడమనిషీ ఆంటీయే. చుట్టరికం లేని వరసల మధ్య పెరిగిన పిల్లకి, ఉన్న వరస కూడా మర్యాదలాగే వినిపించింది. ఇందులో దాచిందేమీ లేదు. ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

దేదీప్య మాత్రం నవ్వలేదు. పుస్తకం తెరిచి గుర్తుల పేజీ చూసింది. తండ్రి పక్కన గీసిన అక్క సున్నా తుడిపేసి, అమ్మమ్మ సున్నానీ ఆయన గడినీ ఒకే తల్లి కిందికి కలిపింది. తర్వాత ఆయనకీ దమయంతికీ మధ్య గీత పక్కనే ఇంకో గీత గీసింది.

"రెండెందుకు?"

"క్లోజ్ రిలేటివ్స్ పెళ్లి చేసుకుంటే డబుల్ లైన్ వెయ్యాలి."

"బాగుంది," అన్నాడు రాజారావు. "రెండు చుట్టరికాలు, రెండు గీతలు." ఆయనకి నిజంగానే నచ్చింది.

ఆ గురువారం సాయంత్రం దేదీప్య కారు రిపేరుకి వెళ్లింది. క్లాసయ్యాక తీసుకురావడానికి రాజారావు వెళ్లాడు. తొందరగా చేరుకుని గది బయట నిలబడితే, డాక్టర్ హోల్డెన్ చూసి, లోపలికొచ్చి కూర్చోమని చేత్తో సైగ చేసింది. వెనక వరసలో కూర్చున్నాడు.

గోడ మీద తెర నిండా ఆయన ఇల్లు. దమయంతి సున్నా భోజనం పళ్లెమంత ఉంది, దాని మీద ఇంటూ. పక్కనే జంట గీత. దేదీప్య ఇంగ్లీషులో చెప్తోంది. మా అమ్మ తన మేనమామని పెళ్లి చేసుకుంది. అప్పటికి ఆమెకి పందొమ్మిదేళ్లు. కుటుంబంలో పెద్దవాళ్లు నిర్ణయించారు. అన్నీ నిజాలే. ఆ నిజాలే ఇంగ్లీషులోకి వెళ్లేసరికి పోలీసు కేసులా వినిపించాయి.

ముందు వరసలో ఒక తెల్లపిల్ల గుండె మీద అరచెయ్యి పెట్టుకుని, "ఐయామ్ సో సారీ," అంది.

"థాంక్యూ," అంది దేదీప్య.

డాక్టర్ హోల్డెన్ నెమ్మదిగా అడిగింది, మీ అమ్మ ఏం కోరుకుందో నీకు తెలుసా అని. తెలియదని, ఎప్పుడూ అడగలేదని దేదీప్య చెప్పింది. ప్రొఫెసర్ తలూపింది. క్లాసంతా తలూపింది.

కారు హైవే ఎక్కాక రాజారావు అడిగాడు.

"ఎవరు పోయారని ఆ పిల్ల సారీ చెప్పింది?"

"ఇక్కడ అలాగే అంటారు నాన్నా. పొలైట్‌గా."

"నువ్వెందుకు థాంక్యూ అన్నావు?"

"ఆటోమేటిక్‌గా వచ్చేసింది."

"లోపల ఉంటేనే కదా వచ్చేది. మీ అమ్మ బతుకంతా ఎవరో పరామర్శించాల్సిన బతుకైంది, నువ్వు పుచ్చుకున్నావు."

"నాన్నా, ప్లీజ్. నేను అలా మీన్ చెయ్యలేదు."

"ఆ బొమ్మ చెరిపెయ్."

"చెరిపితే కోర్స్ అవ్వదు. కోర్స్ లేకపోతే ప్రాక్టికం లేదు. ప్రాక్టికం లేకపోతే డిగ్రీ లేదు. డిగ్రీ లేకపోతే..."

"లేకపోతే పోయింది."

హైవే దిగాక దేదీప్యే మళ్లీ మొదలుపెట్టింది. "అమ్మ ఇంట్లోనే నిన్ను మావయ్యా అనేది. బయటవాళ్లుంటే ఏవండీ అనేది. ఎందుకని?"

"కాఫీ షాపులో నువ్వు నీ పేరు డీ అని చెప్తావు. నీ పేరంటే నీకు సిగ్గా?"

"కప్ మీద రాయలేరు, అందుకు."

"మీ అమ్మా అందుకే."

దేదీప్య మొహంలో నవ్వు లాంటిదొకటి వచ్చి పోయింది. "ఓకే. ఫైనల్ పేపర్‌లో రాస్తాను, మాకు ఎవరి సారీ అక్కర్లేదని. ఆ థాంక్యూ వెనక్కి తీసుకుంటాను. కానీ అలా రాయాలంటే నాకు తెలియాలి కదా నాన్నా. అమ్మకి ఈ పెళ్లి ఇష్టమేనా?"

సిగ్నల్ దగ్గర పచ్చదీపం పడింది. రాజారావు కదలలేదు. వెనక కారువాడు హారన్ కొట్టాడు.

ఇష్టమే అంటే అక్కడితో అయిపోయేది. ఆ మాట కోసం ఆయన లోపల తడుముకున్నాడు. దమయంతి నర్సింగ్ కాలేజీకి వెళ్తూ ఆయన సైకిలు వెనక కూర్చోవడం గుర్తొచ్చింది. ఈ దేశంలో మొదటి చలికాలం ఆయన కోటు లాక్కుని తొడుక్కోవడం గుర్తొచ్చింది. ఆసుపత్రి మంచం మీద, మావయ్యా మంచినీళ్లు అనడం గుర్తొచ్చింది. అవన్నీ పెళ్లి తర్వాతవి. కూతురు అడుగుతున్నది పెళ్లికి ముందు సంగతి. అక్కడ ఆయన చేతికేమీ తగల్లేదు.

"ఆ మాట అడగడానికి నీకింకా లైసెన్సు రాలేదు," అన్నాడు.

దేదీప్య కిటికీ వైపు తిరిగింది.

"అయితే వచ్చాకే అడుగుతాను," అంది.

ఆయన ఔననలేదు, కాదనలేదు. ఆ పిల్ల దాన్ని ఒప్పందమే అనుకుంది.

ఆ తర్వాత ఒకే ఇంట్లో ఉంటూ అవసరమైనంతే మాట్లాడుకున్నారు. కూర వండానని ఆయన, పెట్రోలు కొట్టించానని ఆ పిల్ల. క్లాసులో ఏం చేసిందో ఒకసారి చెప్పబోతే, ఆయన టీవీ సౌండు పెంచాడు. కోర్సు అయిపోయింది. ప్రాక్టికం మొదలైంది. సాయంత్రాలు ఇంటికొచ్చి, బూట్లు విప్పకుండానే సోఫాలో పడి నిద్రపోయేది. డిగ్రీ వచ్చింది. పట్టా ఇచ్చే రోజు రాజారావు వెళ్లి వెనక వరసలో కూర్చుని, ఫొటోకి నిలబడి, వచ్చేశాడు.

ఒక్కో మెట్టు ఆ పిల్ల ఎక్కుతుంటే, ఆ ప్రశ్న ఆయనకి అంత దగ్గరకి వస్తోంది. పెద్ద పరీక్ష రోజు ఫెయిలైతే బాగుండనుకున్నాడు. అనుకుంటూనే తెల్లవారి లేచి దోసెలు వేసి పెట్టాడు. పాసైంది.

అసోసియేట్ అయ్యాక మనుషులు దొరికారుగానీ జంటలు దొరకడం కష్టమైంది. భార్య వస్తే భర్త రాడు. భర్త వస్తే, భార్యని బాగుచేయమని చెప్పి మీటింగుందని లేచిపోతాడు. అలాంటి రోజుల్లో తెలుగు మాట్లాడే థెరపిస్ట్ ఉందని తెలుగువాళ్లు రావడం మొదలుపెట్టారు. ఎవరెవరు వస్తున్నారో దేదీప్య ఇంట్లో ఒక్క ముక్క చెప్పేది కాదు, చెప్పకూడదు. అయినా రాజారావుకి తెలిసిపోయేది. ఆయన పనిచేసేది ఇండియన్ స్టోర్‌లో, కూరగాయల దగ్గర. నిన్నటిదాకా బెండకాయలు విరిచి చూస్తూ క్రికెట్ కబుర్లు చెప్పినవాడు ఇవాళ ఆయన్ని చూడగానే కార్ట్ తిప్పేసుకుంటే, కూతురికి ఒక జంట దొరికిందన్నమాట.

శ్రీధర్ అనే సాఫ్ట్‌వేర్ కుర్రాడు అలా రెండు వారాలు తప్పించుకు తిరిగి, మూడో వారం తోటకూర కట్టలు సర్దుతున్న ఆయన పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"అంకుల్, దేదీప్యగారు ఇంట్లో ఏమైనా చెప్తుంటారా? అంటే, ఆఫీస్ విషయాలు?"

"చెప్తుంది."

కుర్రాడి మొహం పాలిపోయింది. "ఏమని అంకుల్?"

"పప్పులో ఉప్పెక్కువైందని. తోటకూర తీసుకో, ఇవాళే వచ్చింది."

శ్రీధర్ అక్కర్లేకపోయినా నాలుగు కట్టలు తీసుకుపోయాడు.

ఆ మధ్యనే ఒంగోలు నుంచి అక్క వీడియో కాల్ చేసింది. ఎనభై దాటినా గొంతులో జోరు తగ్గలేదు.

"ఏరా తమ్ముడూ, నీ కూతురు నాకు ఫోన్ చేసి పాతవన్నీ తవ్వుతోందేంటి? దాని తెలుగు నాకు సగం అర్థం కాదు, నా తెలుగు దానికి సగం అర్థం కాదు. అయినా వదల్లేదు."

"ఏం తవ్వింది?"

"దమయంతి సంగతి. పెళ్లికి ముందు సంగతులు."

"ఏం చెప్పావు?" అని అడగబోయి రాజారావు ఆగిపోయాడు. "మందులు వేసుకుంటున్నావా?" అన్నాడు.

గంటలు పూర్తయ్యాయి. సూపర్‌వైజర్ సంతకం పెట్టింది. కాగితాలు బోర్డుకి వెళ్లాయి. ఇక రేపో మాపో వస్తుందని ఆ పిల్ల చెప్పకపోయినా ఆయనకి తెలుసు. ఇన్నేళ్లలో ఒక జవాబు తయారుచేసి పెట్టుకున్నాడు. ఇష్టమే. అడగ్గానే అనేసి, చేస్తున్న పని చేసుకోవడం. అది నిజమో కాదో ఇంకెవరు తేలుస్తారు?

ఒక శనివారం మధ్యాహ్నం గరాజ్‌లో కరివేపాకు మొక్కని పెద్ద కుండీలోకి మారుస్తున్నాడు. దేదీప్య తలుపు తీసుకుని వచ్చింది.

"వచ్చింది నాన్నా."

"ఏది?" అన్నాడు, తెలిసే.

"ఫుల్ లైసెన్స్."

"మంచిది."

ఆ పిల్ల బకెట్ బోర్లించి దాని మీద కూర్చుంది. మాట్లాడకుండా కూర్చోవడం ఈ చదువులోనే నేర్చుకుంది. ఇదివరకైతే నిమిషం ఆగేది కాదు. రాజారావు మట్టి వేసి అదుముతూ, నాలుక చివర జవాబుతో కాచుకున్నాడు.

"అమ్మకి ఇష్టమేనా అని ఇంక నిన్ను అడగను. అమ్మ ఏమందో అమ్మమ్మ చెప్పింది."

మట్టిలో ఆయన చేతులు ఆగిపోయాయి.

"నిన్ను వేరేది అడుగుతాను. నీకు ఇష్టమేనా నాన్నా?"

తయారుచేసుకున్న జవాబు అదే మాట. ఇక్కడా సరిపోయేదే. నోరు తెరిచాడుగాని రాలేదు.

ఆయన్ని ఆ మాట ఎవరూ అడిగి ఉండలేదు. ఒక మధ్యాహ్నం భోజనం చేస్తుంటే అక్క మజ్జిగ పోస్తూ, దమయంతిని నీకే ఇచ్చి చేస్తున్నాన్రా అంది. నోట్లో ముద్దతోనే ఊ అన్నాడు. అంతకుముందు ఆ పిల్లని భుజాన ఎక్కించుకుని బడికి తీసుకెళ్లినవాడు. ఆ ఊ అన్నప్పుడు లోపల ఏముందో ఆయన ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు చూస్తే ఏదో ఒకటి కనిపిస్తుంది. కనిపించినదాన్నిబట్టి ఆ తర్వాత గడిచిన సంవత్సరాలన్నీ మారిపోతాయి. మారాయని చెప్పుకోవడానికి దమయంతి లేదు.

"టేక్ యువర్ టైమ్ నాన్నా," అంది దేదీప్య మెత్తగా. ఆఫీసు తలుపు వెనక అందరితో మాట్లాడే గొంతు అదేనని ఆయనకి అర్థమైంది. ఒళ్లు మండింది.

"నేను నీ దగ్గరికొచ్చే జనంలో ఒకణ్ణి కాదు."

"తెలుసు. నేను నీ కూతుర్ని."

"కూతురివైతే ఆ రోజు నోరు మూసుకునేదానివి."

దేదీప్య తల వంచుకుంది. "ఆ థాంక్యూ తప్పే. పేపర్‌లో రాశాను. క్లాసులో నిలబడి ఆ అమ్మాయికి కూడా చెప్పాను, నీ సారీ మా అమ్మకి అక్కర్లేదని. నీకు చెప్పబోతే నువ్వు వినలేదు."

రాజారావు విన్నాడు. విన్నా ఆయనలో ఏదీ కదల్లేదు. వెనక్కి తీసుకున్న మాట కూడా ఒకసారి బయటికి పోయిన మాటే.

"సరే నాన్నా. నీది చెప్పొద్దు." ఆ పిల్ల గొంతులో ఇప్పుడు మెత్తదనం పోయింది. అది మామూలు గొంతు. "అమ్మ ఏమందో అదైనా చెప్పనా? నీకు తెలుసుకోవాలని లేదూ?"

ఉంది. ఆ కారులో కూర్చున్న సాయంత్రం నుంచి ఆయనకి కావలసింది అదొక్కటే. అది మంచి మాటే అయ్యుండొచ్చు. కానీ పుచ్చుకుంటే, ఆ ప్రశ్న అడగదగ్గదేనని ఒప్పుకున్నట్టు. గుండె మీద చెయ్యి పెట్టుకున్న ఆ పిల్లా, తలలూపిన ఆ క్లాసూ అడిగింది న్యాయమేనని ఒప్పుకున్నట్టు.

"వద్దు."

"నాన్నా..."

"వద్దన్నాను." మొక్క మొదట్లో మట్టి గట్టిగా అదిమి లేచి నిలబడ్డాడు. "మీ అమ్మ నా పెళ్లాం. నేను దాని మొగుణ్ణి. అంతకు మించి ఎవరికీ చెప్పాల్సింది లేదు. మీ అమ్మమ్మ చెప్పింది నీ దగ్గరే ఉంచుకో. ఈ సంగతి నేను ఎవరితోనూ మాట్లాడను. నీతో అసలే మాట్లాడను. ఇవాళతో సరి, బతికుండగా మళ్లీ ఇది నా నోట రాదు."